బి-విటమిను సూదిమందు: దాని యుపయోగములు, అపాయములు

కంది కోతలును పత్తి తీతలును ముగిసిన పిమ్మట మన దౌల్తాబాదు, కొడంగల్, తాండూరు ప్రాంతపు పల్లెలలో ఆర్.ఎం.పి. వైద్యుని యింటి యరుగుమీఁద కూర్చుండు వారిని గమనించినచో, వారిలో ననేకులకు జ్వరము గాని గాయము గాని యుండదు. ఒళ్లు నొప్పులు, కాళ్లు లాగుట, నీరసము, ఇవియే వారి బాధలు. "సారూ, ఒక బలం సూది ఎయ్యుండ్రి" అని వారు తామే మందును నిర్ణయించి యడుగుదురు. వైద్యుఁడు ఎఱ్ఱని మందునో పసుపుపచ్చని మందునో సిరంజిలోనికి లాగి వేయును. చేతిలో కొంచెము డబ్బున్నవారు గ్లూకోజు సీసా నెక్కించుకొని, అందులో ఆ పసుపు మందును కలిపించుకొందురు. సాయంకాలమునకు తమకు హుషారు వచ్చినదని చెప్పుదురు. ఆ యెఱ్ఱమందును పచ్చమందును చాలవఱకు బి-జాతి విటమినులే. అవి యేమి, ఎవరికి ప్రాణరక్షకములు, ఎవరికి నిష్ప్రయోజనములు, ఎప్పుడు హానికరములు అను విషయములు మన విద్యార్థులును వారి తలిదండ్రులును ఎఱుఁగఁదగినవి గనుక ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

విటమిను 'బి' యనునది ఒక్క పదార్థము కాదు. మొదట నొక్కటే యని తలంచిరి గాని పరిశోధన పెరిగినకొలఁది అది యెనిమిది వేర్వేరు పదార్థములుగా తేలినది. అందు బి-1 థయమిను, బి-2 రైబోఫ్లేవిను, బి-3 నియాసిను, బి-6 పిరిడాక్సిను, బి-9 ఫోలికామ్లము, బి-12 కోబాలమిను మనకిక్కడ కావలసినవి. ఇవి యన్నియు నీటిలో కరఁగునవి. మన మారగించిన యన్నమును శరీరము శక్తిగా మార్చుకొనునప్పుడు ఇవి తోడ్పడును. కట్టెలున్నను నిప్పు లేక పొయ్యి మండదు గదా, అట్లే యన్నమున్నను ఇవి లేక శక్తి పుట్టదు. కాని యొక్క మాట మఱవరాదు. మండుచున్న పొయ్యిలో మఱికొన్ని నిప్పులు వేసినంతమాత్రమున కట్టెలు పెరుగవు. లోపము లేనివానికి విటమిను నెక్కించినను వాని బల మట్లే యుండును.

లోపమున్నచో నేమగునో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుఁడు 1890 ప్రాంతమున మరబియ్యము తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలుటయు, తవుడు పెట్టఁగా లేచుటయు కనిపెట్టెను. అందులకు 1929లో నోబెల్ బహుమానమును పొందెను. ఆ కోళ్లకు వచ్చిన రోగమునకు మనుష్యులలో బెరిబెరి యని పేరు. ఈ బెరిబెరి విశాఖపట్టణము మొదలు గుంటూరు వఱకు గల సర్కారు జిల్లాలలో ఆ కాలమున విరివిగా నుండెను. కూనూరులోని పోషణ పరిశోధనశాలలో మెకారిసన్, ఆయన పిమ్మట ఏక్రాయిడ్ అను వైద్యులు దీని కారణమును విచారించిరి. తమిళదేశమున ప్రజలు ఉప్పుడు బియ్యమును తినుచుండిరి. వడ్లను నానఁబెట్టి యుడికించునప్పుడు తవుడులోని బి-1 గింజ లోపలికి దిగి యచ్చట నిలుచును. సర్కారు జిల్లాలవారు పచ్చి వడ్లను మరలో తెల్లగా పట్టించి, ఆ బియ్యమును పలుమాఱులు కడిగి, గంజి వార్చి తినుచుండిరి. ఉన్న బి-1 కొంత మరలో, కొంత కడుగునీటిలో, కొంత గంజిలో పోయినది. వరి పండు దేశముననే వరియన్నము తినువారికి కాళ్లు తిమ్మిరెక్కి, గుండె వాచి, పాలు త్రాగు పసిబిడ్డలు సయితము హఠాత్తుగా మరణించుచుండిరి.

మన ప్రాంతము వరిది కాదు, జొన్నది. జొన్నరొట్టె తిని పెరిగిన పెద్దలు దానిని బలమైన ఆహారమందురు, అది నిజమే. అయినను జొన్న యొక్కటియే తిని, పప్పు, పాలు, మాంసము లేని నిరుపేదకు మఱియొక రోగము కాచుకొని యుండెను. దాని పేరు పెల్లాగ్రా. ఎండ తగులు మెడ, చేతులు, పాదములు నల్లబడి పెచ్చులు లేచును. విరేచనములు పట్టును. తుదకు మతి చెడును. 1958లో కూనూరు పరిశోధనశాల హైదరాబాదునకు తరలివచ్చినది. నేఁడు దానినే జాతీయ పోషకాహార సంస్థ యందురు. అచ్చటి గోపాలన్, శ్రీకాంతయ్య అను వైద్యులు దక్కను ప్రాంతమున జొన్న తిను వ్యవసాయకూలీలలో ఈ వ్యాధిని పరిశీలించి, జొన్నలో ల్యూసిను అను నొక యమైనామ్ల మధికముగా నుండుట నియాసినునకు విరోధియై ఈ రోగమును పుట్టించునని 1960లో ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదనపై తరువాత వాదోపవాదములు జరిగినవి. కాని నియాసిను ఇచ్చినచో ఆ రోగులు కోలుకొనుటలో వివాదము లేదు. భోజనములో వైవిధ్యము పెరిగిన కొలఁది ఆ వ్యాధి మన ఊళ్లలో అరుదైనది. తాండూరు కందిపప్పు జొన్నరొట్టె ప్రక్కన కంచములో నుండుట రుచికొఱకు మాత్రమే కాదు.

పై రోగములకు చాలవఱకు నోటి ద్వారా ఇచ్చిన మందును, సరియైన ఆహారమును చాలును. మఱి సూది యెందుకు? దీనికి సమాధానము మన తెలుగువాఁడొకని జీవితములోనే యున్నది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. వారి సోదరులను ఇద్దరిని స్ప్రూ అను వ్యాధి హరించినది. ఆయుర్వేదమున సంగ్రహణి యనఁబడు రోగమునకు ఇది సన్నిహితము. ప్రేవుల లోపలి పొర చెడి, తిన్నది రక్తములోనికి ఇంకక, విరేచనములతో మనుష్యుఁడు చిక్కి శల్యమగును, రక్తము క్షీణించును, నాలుక పుండై మండును. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే వారు బ్రతికిరి. మదరాసులో వైద్యవిద్య ముగించి, కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమును చేరిరి. ఆ దేశమున 1926లో మైనాట్, మర్ఫీ అను వైద్యులు, ప్రాణాంతకమైన యొక విధమగు రక్తహీనతకు దినమునకు సుమారు అరపౌను కార్జమును తినిపించి నయము చేయవచ్చునని చూపిరి. అంత కార్జమును ప్రతిదినము తినుట రోగికి దుస్సాధ్యము. గనుక కార్జపు సారమును తీసి సూదిగా నిచ్చు పద్ధతి వచ్చెను. ఆ సారములో రోగమును కుదుర్చు వస్తువేదియో కనుఁగొనుటకు ప్రపంచములోని ప్రయోగశాల లనేకములు పోటీపడెను. సుబ్బారావుగారు లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకులైన పిమ్మట వారి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసినది. తమ సోదరులను చంపిన స్ప్రూలో రక్తమును తిరిగి పుట్టించు మందును వారు ఈ విధముగా లోకమున కిచ్చిరి.

ఇచ్చటనే యొక చిక్కు వచ్చెను. మైనాట్, మర్ఫీలు కార్జముతో నయము చేసిన ఆ ప్రాణాంతక రక్తహీనతకు ఫోలికామ్లము నియ్యఁగా రోగుల రక్తము బాగయ్యెను, ముఖమున కాంతి వచ్చెను. కాని వారి కాళ్ల తిమ్మిరి తగ్గలేదు. కొందఱికి నడక తప్పినది. వెన్నుపాములోని నరములు చెడుచునే యుండెను. రక్తము నయమైనట్లు కనఁబడుటచేత లోపలి నాశనము మఱింత చాటున సాగినది. అసలు లోపము ఫోలికామ్లముది కాదు, వేఱొక దానిది. ఆ వేఱొకటి 1948 ఏప్రిలులో బయలుపడినది. అమెరికాలో మెర్కు సంస్థవారును, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థవారును కార్జమునుండి బి-12ను ఎఱ్ఱని స్ఫటికములుగా వేఱుచేసిరి. ఆ యేఁటి ఆగస్టులోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి.

బి-12 యొక్క ఎఱుపు రక్తముయొక్క ఎఱుపు కాదు. దానిలో కోబాల్టు అను లోహపు పరమాణువొకటి యుండుటవలన ఆ రంగు. ఎఱ్ఱని సూది వేసినచో రక్తమెక్కినట్లే యని మన పల్లెలలో పలువురు నమ్ముదురు. అట్లే పసుపు సూది వేయించుకొన్న దినమున మూత్రము పచ్చగా వచ్చిన, "వేడంతా పోయింది" అని సంతోషింతురు. అది రైబోఫ్లేవిను. శరీరమునకు అక్కరలేక బయటికి పోవుచున్న మందు మాత్రమే.

బి-12 విషయములో కొన్ని లెక్కలు తెలిసికొనుట మంచిది. మిల్లిగ్రామున వేయవ వంతు మైక్రోగ్రాము. పెద్దవారికి దినమునకు కావలసిన బి-12 సుమారు 2 మైక్రోగ్రాములు మాత్రమే. ఆరోగ్యవంతుని కార్జములో కొన్ని సంవత్సరములకు సరిపోవు నిలువ యుండును. సామాన్యముగా నిచ్చు సూదిలో 1000 మైక్రోగ్రాము లుండును. మనము తిన్న బి-12 రక్తములో చేరవలెనన్న జీర్ణాశయమున ఊరు నొక మాంసకృత్తు దానిని పట్టుకొని చిన్నప్రేవు తుదిభాగము వఱకు మోసికొని పోవలెను. ఆ మాంసకృత్తు ఊరనివారు, జీర్ణాశయమునకు శస్త్రచికిత్స జరిగినవారు, చిన్నప్రేవు తుదిభాగము చెడినవారు ఎంత తిన్నను ఆ మార్గమున లాభము లేదు. ప్రేవుల త్రోవ మూసికొనిపోయినందున కండలోనికి సూదిద్వారా మందు నిచ్చెదరు. సూది పుట్టినది ఇందుకొఱకు. నోటి మాత్రకంటె దానికి బలమెక్కువ యనుట కాదు. తరువాతి పరిశోధనలలో, పెద్దమోతాదు మాత్ర దినదినము వేసికొనినచో ఆ మాంసకృత్తు లేకయే సుమారు నూటికొక వంతు రక్తములో చేరుననియు, కావున ననేకులకు మాత్రలే చాలుననియు తేలినది. అయినను నరములు చెడుట ప్రారంభమైనచో వైద్యులు ఆలస్యము చేయక సూదినే యిత్తురు.

ఆ నరముల విషయములో కాలమెంత విలువైనదో చెప్పు నుదాహరణము మన మిషను వైద్యశాలల చరిత్రలోనే గలదు. వేలూరిలో ఐడా స్కడ్డరమ్మగారు 1900లో ఒక్క పడకతో నారంభించిన వైద్యశాల క్రమముగా క్రైస్తవ వైద్యకళాశాలగా పెరిగెను. తమిళులతోపాటు చిత్తూరు మొదలగు తెలుఁగు సీమలవారును అచ్చటికి పోవుచుందురు. 1962లో అచ్చటి వైద్యులు జాదవ్, వెబ్, వైష్ణవ, బేకర్ అనువారు ఏడాది లోపు వయస్సుగల కొందఱు శిశువులనుగూర్చి లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ బిడ్డలు తల్లిపాలపైననే యుండిరి. మొదట బాగుగనే పెరిగిరి. పిదప నవ్వుట మానిరి. నిలిపిన మెడను మరల వ్రేలవేసిరి. చర్మము, విశేషముగా చేతులును పాదములును, నల్లబడెను. కాళ్లు చేతులు వారి ప్రమేయము లేకయే కదలుచుండెను. రక్తము పలుచనై యుండెను. తల్లులను పరీక్షింపఁగా వారి శరీరములోనే బి-12 లేదు. కనుక పాలలోను లేదు. ఆ శిశువులకు బి-12 ఇచ్చిన పిమ్మట వారు శీఘ్రముగా తేఱుకొనిరి. తల్లికి తన లోపము తెలియదు. ఆమె తిరుగుచున్నది, పని చేయుచున్నది. నీరసమున్నను అది స్త్రీలకు సహజమని సరిపెట్టుకొన్నది. ఆలస్యమైన చోట్ల మాత్రము అట్టి బిడ్డల మెదడునకు కలిగిన లోటు పూర్తిగా తీరకపోవచ్చును.

బి-12 కూరలలో గాని పప్పులలో గాని లేదు. దానిని సూక్ష్మజీవులే పుట్టించును. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసముల ద్వారా మనకు చేరును. దానియేలును అతని స్నేహితులును శాకధాన్యములు భుజించి రాజభోజనము తిన్నవారికంటె పుష్టిగా నుండిరని మనము బైబిలులో చదివియున్నాము. అది పదిదినముల పరీక్ష. కార్జములోని నిలువ యంతకంటె నెంతో కాలము వచ్చును గదా! శాకాహారులు పాలు, పెరుగు చాలినంత పుచ్చుకొనవలెను. అవియు లేని పేదయింటి గర్భిణికి ఇనుము, ఫోలికామ్లపు మాత్రలతోపాటు బి-12 లోపమునుగూర్చియు వైద్యునితో విచారింపవలెను. చక్కెరవ్యాధికి మెట్‌ఫార్మిన్ మాత్రలు చిరకాలము వాడువారికిని ఈ లోపము వచ్చుట కలదు. పాదములలో చీమలు ప్రాఁకినట్లుండుట, దూదిమీఁద నడచినట్లుండుట, నాలుక నున్నబడి మండుట, మతిమఱపు, ఇవి కనఁబడినచో రక్తపరీక్ష చేయించుకొని కారణము తెలిసికొనుట ఉత్తమము. పరీక్షకు ముందే సూది వేయించుకొన్నయెడల రక్తములో బి-12 నిండుగా కనఁబడి, వైద్యుని దారి తప్పించును.

బి-1 సూదికిని ఇట్టి నిజమైన చోటున్నది. కల్లు, సారా మితిమీఱి త్రాగి యన్నము మానినవారి శరీరములో బి-1 నిలువ కొన్ని వారములలోనే తఱిగిపోవును. అట్టివారు మాట తడఁబడి, కన్నులు తిరిగి, అడుగు నిలువక పడిపోయినప్పుడు బి-1 వెంటనే రక్తనాళములోని కెక్కింపవలెను. అది యీయక మొదట గ్లూకోజు సీసా పెట్టినచో, ఆ గ్లూకోజును మండించుటకు మిగిలియున్న కొంచెము బి-1 సయితము ఖర్చయి, మెదడునకు శాశ్వతమైన హాని కలుగవచ్చును. "నీరసముగా నున్నాఁడు, ఒక గ్లూకోజు పెట్టుఁడు" అను మాట ఎంత ప్రమాదకరమో చూడుఁడు.

ఇఁక బలముకొఱకు వేయించుకొను సూదులను విచారింతము. మన పల్లెలలో స్త్రీల నీరసమునకు మిక్కిలి సామాన్యమైన కారణము ఇనుము లోపము. బి-విటమినులో ఇనుము లేదు. క్షయ, మధుమేహము, థైరాయిడు లోపము, కడుపులో కొంకిపురుగులు, మనోవ్యాకులత, వీనిలో దేనికిని ఆ సూది మందు కాదు. సూది వేసిన నాఁడు వైద్యుఁడు మన మాట వినెను. మన మొక పూట పని మాని పడుకొంటిమి. తరచుగా అదే సిరంజిలో నొప్పి మందును కలిసియుండును. హుషారు వీనిలో దేనివలన వచ్చెనో యెవరు చెప్పఁగలరు? నెలకొక సూది చొప్పున ఆఱు నెలలు గడచునప్పటికి దగ్గుతో కూడిన నీరసము క్షయగా ముదిరియుండును. ఆర్.ఎం.పి. వైద్యుని నొక్కనినే దూషించుట న్యాయము కాదని నా యభిప్రాయము. సూది వేయని వైద్యునియొద్దకు మరల పోని మన యలవాటు ఆయన చేతికి సిరంజి నిచ్చినది.

మందుకంటె సూదియే యెక్కువ యపాయకరము. ఇండియాక్లెన్ అను వైద్యపరిశోధకుల సంఘము ఈ శతాబ్దపు తొలి యేండ్లలో మన దేశమంతట పరిశీలించి, వేయుచున్న సూదులలో నూటికి సుమారు 63 ఏదో యొక విధముగా సురక్షితములు కావని తేల్చెను. 2009లో గుజరాతులోని మోడాసా పట్టణ ప్రాంతమున, వాడిన సిరంజిలను మరల వాడుటవలన హెపటైటిసు-బి వ్యాపించి వందల మంది రోగగ్రస్తులైరి, పదులకొలఁది మరణించిరి. హెచ్.ఐ.వి., హెపటైటిసు-సి కూడ ఆ త్రోవనే ప్రయాణించును. సూదిని మార్చి సిరంజిని మార్చకున్నను ప్రమాదమే. ఏలయనఁగా రక్తపు సూక్ష్మకణములు సిరంజి గొట్టములోనికిని ప్రవేశించును. పలువురికి వాడు పెద్ద సీసాలో వాడిన సూదిని ముంచినచో ఆ సీసా యంతయు విషమగును. కావున సూది యవసరమైనచో క్రొత్త సిరంజి పొట్లమును మన యెదుటనే విప్పుమని యడుగుట అమర్యాద కాదు. పిరుదుపై తప్పుచోట గ్రుచ్చినచో కాలికి దిగు పెద్దనరము దెబ్బతిని పాదము వ్రేలాడఁబడును. చిన్నపిల్లలలో ఇది మఱింత సులభము. శుభ్రత లేనిచో చీముగడ్డలు కట్టును.

మందు సయితము నిరపాయకరమని చెప్పరాదు. బి-1 రక్తనాళములోని కెక్కించినప్పుడు అరుదుగా కొందఱికి ఒళ్లంతయు దద్దురులు లేచి, ఊపిరాడక, రక్తపుపోటు పడిపోవును. బి-12 సూదికిని ఇది మిక్కిలి అరుదుగా సంభవించినది. అట్టి వేళ ఎడ్రినలిను మందు చేతనుండవలెను. ఇంటి వాకిట వేయు సూదికి ఆ రక్షణ యెక్కడిది? నీటిలో కరఁగునది గనుక బి-విటమిను ఎంతైనను హాని లేదనుట బి-6 విషయమున నిజము కాదు. దినమునకు 2 మొదలు 6 గ్రాముల వఱకు నెలల తరబడి బి-6 పుచ్చుకొన్న ఏడుగురికి స్పర్శజ్ఞానము చెడి నడక తప్పినదని 1983లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. అంతకంటె తక్కువ మోతాదులోను చిరకాలమైన హాని కలుగవచ్చునని తరువాత తెలిసెను. తిమ్మిరికై వేయించుకొన్న మందే తిమ్మిరిని పుట్టించినదన్నమాట. నరముల సూది యని అమ్ము మిశ్రమములలో బి-1, బి-12లతోపాటు ఈ బి-6 కూడ నుండును గనుక వానిని మాత్రలతో కలిపి నెలలకొలఁది వాడరాదు.

అయినను ఆ బి-6 మన జిల్లాలోనే యొక మంచి పని చేయుచున్నది. వికారాబాదు దాపున అనంతగిరి కొండలపై గాలి మంచిదని క్షయరోగులకు ఆరోగ్యాలయమును కట్టిరి. క్షయకు నేఁడు వాడు ముఖ్యౌషధములలో ఐసోనయాజిడ్ ఒకటి. అది క్షయ క్రిములను చంపుచునే శరీరములోని బి-6ను పనిచేయకుండ జేసి, కొందఱికి పాదములలో మంటలను, తిమ్మిరిని కలిగించును. చిక్కిపోయినవారికిని, గర్భిణులకును, చక్కెరవ్యాధి, హెచ్.ఐ.వి. గలవారికిని, త్రాగువారికిని ఇది యెక్కువ. దీనిని నివారించుటకు వైద్యులు ఐసోనయాజిడ్‌తోపాటు బి-6ను నిత్యమును చిన్న మోతాదులో నిత్తురు. అది సూది కాదు, నోటితో మ్రింగు చిన్న మాత్ర. క్షయకు మందు వాడుచున్నవారు మన యిండ్లలో నెవరైన నున్నచో, ఆ మాత్ర తమ చీటిలో నున్నదో లేదో చూచుకొని, లేనిచో మందులిచ్చు ఆరోగ్యకేంద్రములో నడుగవలెను.